ఇటుక ముక్కా, ఇన్సూరెన్సు కార్డూ

ఈ సంగతి జరిగిన వెంటనే రాయలేకపోయాను. నాకు అక్షరాలు వచ్చి రెండేళ్లయినా కాలేదు. ఆసుపత్రి అన్న మాట తప్పు లేకుండా రాయడానికే వారం పట్టింది. పైగా ఎలక్షన్లు అయ్యేదాకా రాయొద్దని ఇంట్లో గట్టిగా చెప్పారు. మా ఇంటాయన ఒక పార్టీ, మా తమ్ముడు గోవిందు ఇంకో పార్టీ. నేను ఏది రాసినా రెండోవాడు దాన్ని నోటీసు కొట్టించి గుడియాత్తం బస్టాండులో పంచుతాడని ఇద్దరికీ భయం. ఇప్పుడు ఎలక్షన్లు అయిపోయాయి. గెలిచినవాళ్లు గెలిచారు. మా ఇంట్లో మాత్రం ఓట్ల లెక్కింపు ఇంకా జరుగుతూనే ఉంది.

ఇవన్నీ పైకి చెప్పే కారణాలు. అసలు కారణం సిగ్గు. నేను దాదాపు ఏడాది పాటు ఇటుకలు తిన్నాను. ఆ మాట రాయడానికి అక్షరాలు వస్తే చాలదు.

మా ఇంటాయన మేస్త్రి. ఆయన పేరు నా నోట రాదు, కలం కూడా అంతే. ఊరంతా మేస్త్రి అంటుంది కాబట్టి నేనూ అట్లాగే రాస్తాను. ముప్పై ఏళ్లుగా నేను ఆయన దగ్గరే సిత్తాళును. ఇటుకలు అందించడం, సిమెంటూ ఇసుకా వేసి మాలు కలపడం, తట్ట మోయడం, కట్టిన గోడకు నీళ్లు కొట్టడం సిత్తాళు పని. గుడియాత్తంలో ఎన్నో మిద్దెలు నేను పోసిన నీళ్లు తాగి గట్టిపడ్డాయి.

నా చదువు కూడా గోడ మీదే మొదలైంది. సుశీలమ్మ టీచరు తెలుగు బడిలో పనిచేసి రిటైరయింది. మాది తమిళనాడు, మా పక్క తెలుగు మాట్లాడేవాళ్లు వీధివీధికీ ఉన్నారు కానీ తెలుగు చదవగలిగినవాళ్లను వెతికి పట్టుకోవాలి. ఆమె ఇంటి మీద మేము మిద్దె వేస్తున్నప్పుడు, మధ్యాహ్నం అన్నాలయ్యాక అర్ధగంట సేపు, పూత పూయని గోడ మీద ఆమె అక్షరం రాసేది, నేను దిద్దేదాన్ని. బలపం లేదు కాబట్టి ఇటుక ముక్కతో. దిద్దడం అయ్యాక ఆ ముక్కను కొంగులో వేసుకుని, ఆమె లోపలికి పోగానే నోట్లో వేసుకునేదాన్ని.

ఎందుకు తిన్నావని అడిగితే చెప్పలేను. నీళ్లు చల్లిన ఇటుక మీంచి ఆవిరి లేస్తుంది చూడండి, అది ముక్కుకు తగిలితే చాలు, నోరూరేది. పెద్ద ముక్కలేం కాదు, చిక్కుడు గింజంత. ఇంట్లో పచ్చిబియ్యం, పనిలో ఇటుక. గోడ మీది ముక్కలు రోజూ మాయమవుతుంటే టీచరమ్మ, ఇల్లు కట్టను తెచ్చిన ఇటుకలు నీ చదువుకే సరిపోయేటట్టు ఉన్నాయే అని నవ్వి, మరుసటి రోజు పలకా బలపం తెచ్చింది. బలపం ఇంకా బాగుంది. వారంలో మూడు బలపాలు అయిపోయేసరికి ఆమె ఏమీ అనకుండా పెన్ను తెచ్చి చేతిలో పెట్టింది. నేను అంత తొందరగా పెన్నుతో రాయడం నేర్చుకోవడానికి కారణం తెలివి కాదు.

అప్పటికే ఒంట్లో బాగాలేదు. నెలకు నాలుగు రోజులు ఉండాల్సింది పది రోజులు, పన్నెండు రోజులు అయ్యేది. వయసు నలభై ఏడు, ఆగిపోయే ముందు ఇట్లాగే ఉంటుందిలే అనుకున్నాను. గోడ పక్కన నిలబడి పని చేయడానికి కర్రలతో కట్టిన సారం ఎక్కితే మూడో మెట్టు దగ్గరే గుండె దడదడ కొట్టుకునేది. అక్కడ ఆగి ఆకాశం వైపు చూసేదాన్ని. వాన వస్తుందా అని చూస్తున్నానని అందరూ అనుకునేవాళ్లు. వైగాసి నెల ఎండలో ఒక మనిషి రోజుకు పదిసార్లు వాన కోసం ఎందుకు చూస్తుందని ఒక్కరూ అడగలేదు.

మా పక్క నెలలకు అరవ పేర్లే; ఆని నెల చివర్లో, అంటే జూలై నడిమిలో, మేస్త్రి అడిగాడు. నా మొహం సున్నం కొట్టినట్టు ఉందన్నాడు. దేవుడి పటం వెనకనుంచి కార్డు తీశాడు.

ఈ కార్డు గురించి చెప్పాలి. సర్కారు ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డు అది. మా పక్క అరవంలో కాప్పీట్టు కార్డు అంటారు. అది చూపిస్తే ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేస్తారు, డబ్బులు సర్కారు కడుతుంది. మేస్త్రికి అది ప్రాణం. అంతకుముందు వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేసే ఆసుపత్రిలోకి కూలివాడు చెప్పులతో నడిచి వెళ్లగలిగాడంటే ఈ కార్డు వల్లే అంటాడు. గోవిందుకు అదే కార్డు కంట్లో నలుసు. వాడికి లత్తేరిలో కొంచెం భూమి ఉంది, మడికి నీళ్లు కట్టి మిగిలిన వేళంతా రాజకీయమే. జనం సొమ్ము ఈ కార్డు దారిలో ప్రైవేటువాళ్ల గల్లాకు పోతోంది, అదే సొమ్ముతో సర్కారు ఆసుపత్రిలోనే డాక్టర్లను పెట్టొచ్చు కదా అని వాడి వాదన. ఎలక్షన్లు దగ్గరపడే కొద్దీ కార్డు మీద మొత్తం పెంచుతామని ఒకరు, అందులో ఢిల్లీ వాటా ఎంత, చెన్నై వాటా ఎంత అని ఇంకొకరు టీవీలో అరుచుకునేవాళ్లు. మా వాళ్లిద్దరూ దానికి పై అంతస్తు కట్టేవాళ్లు. కార్డు మీద ఎవరి బొమ్మ ఉండాలన్నదాని మీదే ఒక దీపావళి గడిచిపోయింది.

అట్లా మేస్త్రి నన్ను వేలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పేరు రాయను. లోపల చల్లగా ఉంది. కుర్చీలు మెత్తగా ఉన్నాయి. స్కాను తీశారు. గర్భసంచిలో గడ్డ ఉంది, సంచి తీసేయాలి అన్నారు. పిల్లలు పుట్టేశారు కదా, ఇంక అదెందుకమ్మా అన్నాడు డాక్టరు, బాడుగవాళ్లు ఖాళీ చేసిన గది గురించి చెప్పినట్టు. మా చిన్నత్త అట్లాగే తీయించుకుంది. ఆ తర్వాత ఆమె తట్ట ఎత్తడం నేను చూడలేదు. నాకు తెలిసిన బతుకంతా తట్టలోనే ఉంది. బల్ల మీద పడుకోవడానికి భయం ఒకటి, లేచాక ఏం చేయాలన్న భయం ఇంకొకటి. కానీ చెప్పడానికి నోరు రాలేదు. కార్డు పనిచేస్తోందన్న సంతోషంలో మేస్త్రి మొహం వెలిగిపోతోంది.

కాగితాల మీద సంతకం పెట్టమన్నారు. బల్ల వెనకున్న అమ్మాయి నా చేతులు చూసి ఇంకు డబ్బా మూత తీసింది. వద్దని చెప్పి పెన్ను అడిగాను. మునెమ్మ. మూడే అక్షరాలు. కానీ నాకు అప్పట్లో ఒక్కో అక్షరం ఒక్కో వరుస గోడతో సమానం. కొమ్ము వంకర పోకూడదు, ఎత్వం తలకు తగలాలి. వేలిముద్ర అయితే చిటికెలో అయిపోయేది, ఈపాటికి నా కడుపు మీద కుట్లు ఉండేవి. నేను ము రాసి ఊపిరి పీల్చుకునేలోపు మేస్త్రికి తోచక ఆ అమ్మాయిని మాటల్లోకి దించాడు.

"ఏమ్మా, ఇది కూలి కాంట్రాక్టా, సామానుతో కలిపా?"

"ప్యాకేజీ అయ్యా. ఆపరేషను, మంచం, తిండి అన్నీ కలిపే."

"కోయకుండా మాత్రలిచ్చి చూస్తే?"

"దానికి కార్డు చెల్లదయ్యా. మాత్రలకు మీరే పెట్టుకోవాల."

"అంటే, కోస్తే వస్తాది. కోయకుంటే రాదు."

ఆ అమ్మాయి మంచిది, అబద్ధం చెప్పలేదు. అట్లానే అనుకోండయ్యా అంది. అప్పటికి నేను నె దగ్గర ఉన్నాను. మేస్త్రి చెయ్యి వచ్చి కాగితం మీద పడింది.

మేస్త్రులు పని వద్దనుకుంటే వద్దని చెప్పరు. చెబితే పని ఇచ్చే మనిషి చేజారిపోతాడు. ఏదో ఒక నెల మీద పెడతారు. ఎల్లుండి ఆడి పుడుతుందమ్మా, ఆడిలో మేము ఏ మంచి పనీ మొదలుపెట్టం, ఆవణిలో వస్తాం అన్నాడు. ఆడి నెలలో ఇంటికి గడప కూడా ఎత్తని దేశం మాది. ఆ అమ్మాయి తల ఊపి ఫైలు మూసింది. ఆ ఆసుపత్రిలో నా పేరు ఇప్పటికీ సగమే ఉంటుంది.

బస్సులో కూర్చున్నాక టిక్కెట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు ఆయన. తర్వాత చెప్పాడు.

"గోడ కొడితేనే కూలి వస్తాదంటే, యా మేస్త్రికైనా బీట పెద్దదిగానే కనపడతాది. నేను చూడలేదా? లత్తేరిలో ఒకాయన వంటిల్లు కొట్టేసినానే. పూతతో పోయేది అది."

ముప్పై ఏళ్లలో ఆయన ఆ వంటింటి సంగతి నాకు చెప్పలేదు.

ఆడి నెల మొదలైంది. కోత తప్పిందని నాకు సంతోషం, ఒంట్లో మాత్రం రోజు రోజుకూ అధ్వాన్నం. గోవిందుకు సంగతి తెలిసి లత్తేరి నుంచి మోటార్ సైకిల్ మీద రోజూ రాసాగాడు. అక్కను చూడడానికి కొంత, బావ ఓడిపోవడం చూడడానికి కొంత. మేస్త్రి ఓడిపోలేదు. తప్పు కార్డుది కాదు, వాడుకున్నవాడిది అన్నాడు. ఇద్దరూ టీకొట్టు దగ్గర నా గర్భసంచి గురించి వాదించుకుంటున్నారని తెలిసి నాకు తల కొట్టేసినట్టయింది. వాదించుకోండి కానీ దాని పేరెత్తొద్దు, వేరే ఏదైనా పేరు పెట్టుకోండి అని ఒట్టు వేయించుకున్నాను. దానికి రోడ్డు అని పేరు పెట్టుకున్నారు. రోడ్డు మొత్తం తవ్వేయాలా, గుంత పూడిస్తే చాలా అని పది రోజులు అరుచుకున్నారు. మా వీధికి కొత్త రోడ్డు వస్తోందని టీకొట్టువాళ్లు నమ్మారు. ఎవరో అర్జీ కూడా పెట్టారు. ఒక ఉదయం వార్డు మెంబరు వచ్చి వీధి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి, రోడ్డు బాగానే ఉంది కదా అని గొణుక్కుంటూ వెళ్లాడు. పడుకున్నచోటే నవ్వితే ఆయాసం వచ్చింది.

ఆడి చివర్లో పనికి వెళ్లి, సారం రెండో మెట్టు మీద కూర్చుండిపోయాను. తట్ట జారి మాలంతా నా మీదే పడింది. కళ్లు తెరిచేసరికి మేస్త్రి నా మొహం మీది సిమెంటు తన తువ్వాలుతో తుడుస్తున్నాడు. కడగని తాపీ పక్కనే మట్టిలో పడి ఉంది. ఆయనే గోవిందుకు ఫోను చేసి, సర్కారు ఆసుపత్రికి పోదాం రా అన్నాడు. గోవిందు గెలిచాడు కానీ ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు.

మౌనం వేలూరు దాకానే. సర్కారు ఆసుపత్రిలో చీటీ తీసుకుని వరుసలో నిలబడగానే ఇద్దరికీ నోరు తిరిగి వచ్చింది. ముందున్నాయన మేస్త్రి పక్షం చేరాడు, వెనకున్నాయన గోవిందు పక్షం. కాసేపటికి వరుసలో మగవాళ్లంతా ఇటో అటో చేరి గోడవారకు జరిగారు. మేల్పాడి నుంచి వచ్చిన ఒక పెద్దామె నా మోచెయ్యి పట్టుకుని, రా చెల్లీ, వాళ్లు దేశాన్ని చక్కబెట్టేలోపు మనం లోపలికి పోదాం అంది. ఆడవాళ్లమంతా నెమ్మదిగా ముందుకు జరిగిపోయాం. ఆమె సీసాలో తెచ్చుకున్న మజ్జిగ సగం నాకే పోసింది. తన చీటీ నంబరు నాకంటే ముందుదైనా నన్ను ముందు పంపింది.

లోపల డాక్టరమ్మ చిన్న వయసుది. స్కాను కాగితం పక్కన పెట్టి ముందు నా కనురెప్ప కిందికి లాగి చూసింది. నాలుక చూసింది. గోళ్లు చూసింది. తర్వాత అరవంలో అడిగింది, మట్టి, సున్నం, పచ్చిబియ్యం, అట్లాంటివేమైనా తింటారా అని. అంతవరకు ఎవరూ అడగలేదు ఆ మాట. లేదన్నాను. అప్పటికే మేస్త్రి లోపలికి వచ్చి నా వెనక నిలబడి ఉన్నాడు.

"తింటాదమ్మా," అన్నాడు. "ఇటుక."

నేను తల తిప్పలేకపోయాను. ఆయన ఆగలేదు. ఎవరో తన మీద నేరం మోపినట్టు గబగబా చెప్పేశాడు.

"నాసిరకం కాదమ్మా. ఇటుకల సూళలో బాగా కాలినదే ఏరి, కడిగి పెడతా ఉండినా."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఏ పనిలోకి వెళ్లినా గోడ మూల మీద చిన్న చిన్న ముక్కలు కడిగి ఆరబెట్టినట్టు ఉండేవి. ఏడాదిగా తింటూ కూడా, అవి అక్కడికి ఎట్లా వచ్చాయని నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

ఒంట్లో రక్తం సగానికి సగం లేదని ఆమె చెప్పింది. ఇటుక మీద కోరిక అందుకే. గడ్డ చిన్నదే, మాత్రలతో రక్తం పోవడం ఆపి చూద్దాం, ఈ రక్తంతో ఆపరేషన్ మాట ఎవరూ ఎత్తకూడదు అంది. ఎత్తి ఉంటే ఏమయ్యేదని నేను అడగలేదు. ఆమె మేస్త్రి వైపు చూసి, ఇంకమీద ఇటుకలు ఇంటికే కట్టండి అంది.

బయటికొచ్చాక, తెలిసి ఎందుకు అడగలేదని నిలదీశాను. ఆయన చెప్పుల వైపు చూస్తూ అన్నాడు, "మొదట్లో కడుపేమో అనుకుంటి. ఈ వయసులో అడగను సిగ్గాయె."

ఆవణి నెల మొదటి రోజులు వార్డులో గడిచాయి. రక్తం ఎక్కించారు. ఇంటివాళ్లు బ్లడ్ బ్యాంకుకు రక్తం ఇవ్వాలంటే ఇద్దరూ వెళ్లి ఇచ్చి వచ్చారు. ఎవరు ఎక్కువ ఇచ్చారని ఇద్దరూ విడివిడిగా వెళ్లి నర్సును అడిగారట. ఇద్దరిదీ ఒకటే కొలత అని ఆమె చెబితే ఇద్దరికీ నచ్చలేదు. నాకు ఎక్కింది ఎవరి రక్తమో తెలియదు. నర్సమ్మ మాత్రం సూది గుచ్చే ముందు ప్రతిసారీ నా అరచెయ్యి నిమిరేది. ఆ కాయలు కాసిన చేతిలో నరం దొరకదు, నిమిరితే దొరుకుతుందని చెప్పేది. నరం కోసమే అనుకోండి, అయినా అట్లా నా చెయ్యి ఎవరూ నిమరలేదు.

ఇంటికొచ్చాక సుశీలమ్మ టీచరు రాగులు, బెల్లం, గోంగూర పట్టుకుని వచ్చింది. పెన్ను ఇచ్చిన రోజే అడగాల్సింది మునెమ్మా, నువ్వు సిగ్గుపడతావని ఊరుకున్నాను అంది. మేస్త్రికి తెలుసు, టీచరుకు తెలుసు, నాకు తెలుసు. ముగ్గురమూ ఒకరికొకరు మర్యాద చేసుకుంటూ నన్ను దాదాపు చంపేశాం. ఇది చదివే ఆడవాళ్లకు నేను చెప్పేది అంతే. మీరు ఏం తింటున్నారో, ఎన్ని రోజులు అవుతోందో డాక్టరుకు చెప్పండి. మీరు సిగ్గుపడితే పక్కనున్నవాళ్లనైనా చెప్పనివ్వండి.

పురట్టాసిలో దేవుడు మేస్త్రి మొర ఆలకించాడు. గోవిందుకు ఎన్నాళ్లుగానో దాచుకున్న హెర్నియా ఒక్కసారిగా ముదిరింది. అది కోయక తప్పనిది. మాత్రలకు లొంగదు. వాడు ఎవరికీ చెప్పకుండా తన ఇంటి కార్డు పట్టుకుని వేలూరులో ఇంకో ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. రెండో రోజే మేస్త్రి కొబ్బరిబోండాలతో ప్రత్యక్షమయ్యాడు. మంచం పక్కన కూర్చుని, దిండు సర్ది, నీళ్లు తాగించి, చివరికి అడిగాడు.

"కార్డు ఎట్లుండాది గోవిందూ?"

"కార్డు బాగుండాది బావా. నీ పార్టీనే బాగలేదు."

నవ్వితే కుట్లు పట్టుకున్నాయి వాడికి. మేస్త్రి వాడి కడుపు మీద చెయ్యి పెట్టి, నవ్వొద్దు నాయనా, మీ అక్క రోడ్డు కాదిది, నీ రోడ్డు అన్నాడు.

కార్డు మంచిదా, సర్కారు ఆసుపత్రి మంచిదా అని ఇప్పటికీ నన్ను మధ్యలోకి లాగుతారు. సుత్తి మంచిదా, తాపీ మంచిదా అంటే నేనేం చెప్పేది? గోడను బట్టి ఉంటుంది. గోవిందు గోడకు సుత్తి కావాలి, నా గోడకు తాపీ చాలింది. సుత్తి దెబ్బకు కూలి ఇస్తున్నారు, సరే. కొట్టే ముందు గోడను తట్టి చూసేవాడికి, నువ్వేం తింటావమ్మా అని అడిగేవాడికి కూలి ఎవరిస్తారు? ఈ మాట అడిగితే ఇద్దరూ ఒకేసారి టీవీ గొంతు పెంచుతారు. వాళ్లు ఏకమయ్యేది అక్కడ ఒక్కచోటే.

ఐప్పసి నెలలో మళ్లీ వేలూరు వెళ్లాం. గోవిందు కూడా వచ్చాడు, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని. డాక్టరమ్మ కనురెప్ప లాగి చూసింది, కొత్త స్కాను చూసింది. గడ్డ పెరగలేదు, రక్తం నిలబడింది, ఆపరేషన్ అక్కర్లేదు అంది. మాత్రలు ఇంకొన్నాళ్లు మింగాలి. పనికి పోవచ్చా అని అడిగాను. తట్ట సగమే నింపుకోండి అంది. అప్పటిదాకా బిగబట్టుకున్నది ఏదో జారిపోయి, అక్కడే ఆమె బల్ల ముందు ఏడ్చాను. మేల్పాడి పెద్దామె కోసం వరుసంతా వెతికాను, కనపడలేదు.

కాట్పాడిలో రైలెక్కాం. లత్తేరి వచ్చేదాకా ఇద్దరూ వాదించుకున్నారు. గోవిందు దిగిపోయాక పెట్టె ఒక్కసారిగా ఖాళీ అయినట్టనిపించింది. మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తూ, రేపు వస్తావా అన్నాడు. ఊ అన్నాను.

మరుసటి ఉదయం రాగిజావ తాగి, మాత్ర మింగి పనికి వెళ్లాను. కొత్త ఇల్లు, తల ఎత్తు దాటి గోడలు లేచాయి. సారం మూడు మెట్లు ఎక్కాను. ఆకాశం చూడాల్సిన పని పడలేదు. గోడ మూల మీద ఒక ఇటుక ముక్క ఉంది, కడిగి ఆరబెట్టింది. మేస్త్రి అటు తిరిగి వరుస వంకర పోకుండా నూలు తాడు కడుతున్నాడు, వీపుతో నన్నే చూస్తున్నాడు. ముక్క తీసుకుని దాని మీద నీళ్లు చల్లి వాసన చూశాను. ఇటుక వాసన. అంతే. నోరు ఊరలేదు. ఆ ముక్కతోనే గోడ మీద నా పేరు రాశాను, మూడు అక్షరాలూ, మ కింద ఒత్తుతో సహా. ముక్క ఇంకా సగం మిగిలింది. మేస్త్రి చేతికిచ్చాను. ఆయన దాన్ని తిప్పి చూసి, రెండు ఇటుకల మధ్య సందులో పెట్టి, పైన మాలు వేశాడు.